ఒక చేను, పలు పంటలు: కామసముద్రం సీమ వ్యవసాయ చరిత్ర

దక్షిణ భారతంలోని ఊళ్ల పేర్లలో ‘సముద్రం’ అనే మాట కనిపిస్తే అక్కడ కడలి ఉండదు, చెరువు ఉంటుంది. కోలారు జిల్లా బంగారుపేట తాలూకాలోని కామసముద్రం పేరు కూడా ఈ కోవకు చెందినదే. ఏడాది పొడవునా పారే నది ఒక్కటీ లేని ఈ జిల్లాలో పూర్వులు వాననీటిని కట్టల వెనుక నిలిపి, ఆ నీటినే సముద్రమని గౌరవించారు. నంది కొండల ప్రాంతంలో పుట్టిన పాలారు బేతమంగళం మీదుగా సాగిపోతున్నప్పటికీ, అది వానకారులో తప్ప నిండుగా పారే నది కాదు. ఏడాదికి సగటున కురిసే వాన సుమారు 700 మిల్లీమీటర్లు. అదైనా ఒక ఏడు కురిసినట్లు మరొక ఏడు కురవదు. వచ్చిన వాన ఏ నెలలో వస్తుందో, ఎన్నాళ్లు ముఖం చాటేస్తుందో ముందుగా చెప్పగలిగినవారు లేరు.

బెంగళూరు నుండి చెన్నైకి పోయే రైలుదారిలో బంగారుపేటకు, కుప్పానికి నడుమ ఉన్న ఈ సీమ మూడు రాష్ట్రాల కూడలి. కచేరీలో కన్నడం, ఇంటిలో తెలుగు, గనుల బజారులో తమిళం వినిపించే చోటు ఇది. ఈ సీమ చరిత్ర అనగానే లోకానికి ముందుగా గుర్తుకు వచ్చేవి బంగారు గనులు. ఆధునిక పద్ధతిలో గనుల తవ్వకం 1880 దశకంలో ప్రారంభమై, 2001 ఫిబ్రవరి 28న ముగిసింది. అంటే గనుల ఆయుర్దాయం సుమారు 120 ఏళ్లు. చేల చరిత్ర అంతకంటె ఎంతో ప్రాచీనమైనది, ఇంకా ముగియనిది. ఆ చేలలో పంటల వైవిధ్యం ఏ విధంగా నెలకొన్నది, ఏ కారణాల వలన సన్నగిల్లినది, దాని వలన నేటి ఆహారోత్పత్తి నిలకడకు కలిగిన లాభనష్టాలేమిటి అన్నది ఇక్కడ పరిశీలించదగిన విషయం.

రాగి వచ్చిన దారి

ఈ నేలకు ప్రాణాధారమైన రాగి ఈ దేశంలో పుట్టిన ధాన్యం కాదు. తూర్పు ఆఫ్రికా ఎత్తైన భూములలో, నేటి ఇథియోపియా, ఉగాండా ప్రాంతాలలో, మానవుడు దీనిని మొదట సాగులోకి తెచ్చాడని శాస్త్రజ్ఞులు నిర్ణయించారు. వేల ఏళ్ల కిందట సముద్రం దాటి వచ్చి, దక్కను ఎర్రనేలల్లో ఇది స్థిరపడింది. తెలంగాణలో తైదలుగా, ఉత్తరాంధ్రలో చోళ్లుగా, రాయలసీమలోను కోలారు సీమలోను రాగులుగా తెలుగువారందరికీ పరిచయమైనది. పరదేశపు పంట ఇంత ఇంటి పంటగా మారడానికి కారణాలు దాని గుణాలలోనే ఉన్నాయి. వానల మధ్య ఎడం వచ్చినా మొక్క వడలి, మరల చినుకు పడగానే తేరుకొంటుంది. గింజ చిన్నది కావడం వలన పురుగు సులభంగా పట్టదు. పాతరలో పోసి మూసిన రాగులు ఏళ్ల తరబడి చెడకుండా నిలిచేవి. ఒక మంచి ఏటి పంటను రెండు చెడ్డ ఏళ్లకు దాచుకొనే వీలు కలిగించిన ధాన్యం కాబట్టే ఇది కరవు సీమకు తగిన ధాన్యమైనది. పోషకాల విషయంలో కూడా రాగికి ప్రత్యేక స్థానం కలదు. 100 గ్రాముల రాగులలో సుమారు 340 నుండి 360 మిల్లీగ్రాముల సున్నం ఉంటే, పాలిష్ పట్టిన బియ్యంలో అది 10 మిల్లీగ్రాములకు మించదు.

అయితే రాగి ఎన్నడూ ఒంటరిగా ఈ చేలలోకి రాలేదు. ఈ సంగతి గమనింపదగినది.

సాళ్ల నడుమ సాళ్లు

ఫ్రాన్సిస్ బుకానన్ అనే స్కాట్లండు వైద్యుడు 1800, 1801 సంవత్సరాలలో మైసూరు రాజ్యమంతటా పర్యటించాడు. ఆ పర్యటనలో కోలారుకు కూడా వచ్చాడు. 1807లో అచ్చయిన అతని యాత్రా గ్రంథంలో రాగి చేలలో అనుములు, కందులు మొదలైన పంటలను కలిపి వేసే పద్ధతి వివరంగా నమోదైనది. అనగా ఈ పద్ధతి కనీసం రెండు శతాబ్దాలకు పైబడినదని లిఖిత సాక్ష్యం ఉన్నది. కన్నడ రైతులు దీనిని ‘అక్కడి సాలు’ అని వ్యవహరిస్తారు.

కొన్ని సాళ్లు రాగి, వాటి నడుమ ఒక సాలు అనప లేదా కంది, ఆ సాలులోనే అక్కడక్కడ జొన్న, అలసంద, గట్ల వెంబడి ఆముదం, చేను అంచున వెర్రి నువ్వులు, ఆవాలు. ఇదీ ఆ చేని స్వరూపం. చూచేవారికి కలగాపులగంగా తోచే ఈ అమరికలో ప్రతి మొక్కకూ ఒక బాధ్యత ఉన్నది. రాగి వేళ్లు పైమట్టిలోనే గుబురుగా వ్యాపిస్తాయి. కంది తల్లివేరు లోతుకు దిగి, పైమట్టి ఆరిన తరువాత కూడా అడుగున ఉన్న తేమను అందుకొంటుంది. అందువలన ఒకే చేలో ఉన్నా ఈ రెండూ ఒకే నీటికి పోటీపడవు. అనప, కంది, అలసంద వంటి అపరాల వేరుబుడిపెలలో నివసించే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి నేలకు అందిస్తాయి. పసుపుపచ్చని వెర్రి నువ్వుల పూలు తేనెటీగలను పిలుస్తాయి. ఎత్తుగా పెరిగిన జొన్న మీద వాలిన పక్షులు పురుగులను ఏరి తింటాయి. ఆకులు రాలి మట్టిలో కలుస్తాయి.

కాలం విషయంలో కూడా ఇటువంటి సర్దుబాటే కనిపిస్తుంది. ఆషాఢ శ్రావణాలలో విత్తిన రాగి కార్తీక మార్గశిరాలలో కోతకు వస్తుంది. దానితోపాటే విత్తిన నాటు అనప మాత్రం పగటి పొద్దు తగ్గిన తరువాతనే పూతకు వచ్చి, రాగి కోసిన చేలో మంచును తాగి, సంక్రాంతి నాటికి కాయనిస్తుంది. కంది ఇంకా ఆలస్యంగా వస్తుంది. ముందు వానలు తప్పి రాగి దెబ్బతింటే వెనుక వానలకు అపరాలు దక్కేవి. వెనుక వానలు తప్పితే రాగి అప్పటికే కళ్లానికి చేరేది. రెండూ తప్పిన ఏడు పాతర ఉండేది, ఉలవలు ఉండేవి. కోలారు రైతు వానను నమ్మలేదు. వాన ఏ విధంగా వచ్చినా ఏదో ఒకటి చేతికి వచ్చేటట్లు చేనును ఏర్పాటు చేసుకొన్నాడు.

ఈ చేని నుండే వంటింటికి సమతులాహారం చేరింది. రాగిలో తక్కువగా ఉండే లైసీన్ అనే మాంసకృత్తు భాగం అపరాలలో సమృద్ధిగా ఉంటుందని నేటి పోషకాహార శాస్త్రం చెబుతుంది. రాగి సంకటికి పితుకు పప్పు పులుసు, ఉలవచారు, అలసందల కూర తోడు కావడం రుచి కోసమే కాదు, ఆరోగ్యం కోసం కూడా. దీపానికి ఆముదం, తాలింపునకు వెర్రి నువ్వుల నూనె, పోపునకు ఆవాలు, పశువులకు రాగి గడ్డి, పొయ్యికి కందికట్టె. ఒక చేను ఒక సంసారానికి కావలసిన సామగ్రిలో అధిక భాగాన్ని సమకూర్చేది.

విత్తనం ఇంటి సొత్తుగా ఉన్న కాలం

పంటల వైవిధ్యం అంటే పంటల సంఖ్య మాత్రమే కాదు, ఒక్కొక్క పంటలోని రకాల సంఖ్య కూడా. కర్ణాటకలో గిడ్డ రాగి, మజ్జిగె రాగి, జేనుముద్దె రాగి, కోణన కొంబు రాగి వంటి నాటు రకాలెన్నో సాగులో ఉండేవి. పొట్టిది, మజ్జిగ వంటిది, తేనెముద్ద వంటిది, దున్నపోతు కొమ్ము వంటిది అని ఆ పేర్లకు అర్థం. గింజ రంగును, వెన్ను వంపును, మొక్క ఎత్తును గమనించిన కళ్లు పెట్టిన పేర్లివి.

ఈ రకాలను కాపాడినవారు ముఖ్యంగా స్త్రీలు. కోతకు ముందే చేలో తిరిగి, పుష్టిగల వెన్నులను ఎంచి, వేరుగా ఆరబెట్టి దాచేవారు. అపరాల విత్తనాలకు ఎర్రమట్టి పూసో, బూడిద కలిపో, వేపాకు వేసో కుండలలో భద్రపరచేవారు. విత్తనం లేని ఇంటికి పొరుగింటివారు కొలిచి ఇస్తే, పంట వచ్చిన తరువాత కొంత ఎక్కువ కొలిచి తిరిగి ఇచ్చే ఆచారం ఉండేది. ఈ ఇచ్చిపుచ్చుకోవడం వలన ఒక ఇంటిలో పోయిన రకం మరొక ఇంటిలో బతికి ఉండేది. పెళ్లిళ్లలో పాలికలలో నవధాన్యాలను మొలకెత్తించే ఆచారం శుభకార్యంలో భాగమైనప్పటికీ, ఇంటిలోని విత్తనం మొలకెత్తుతుందో లేదో నలుగురి ఎదుట తెలిపే పరీక్షగా కూడా దానిని భావించవచ్చు.

వైవిధ్యం సర్వరక్షకం కాదు

గతాన్ని పొగడడంలో ఒక ప్రమాదం ఉన్నది. 1876 నుండి 1878 వరకు దక్షిణ భారతాన్ని పీడించిన ధాత, ఈశ్వర నామ సంవత్సరాల కరవు ఈ మిశ్రమ సాగు ఉన్న కాలంలోనే వచ్చింది. 1871 జనాభా లెక్కలలో 50 లక్షలు దాటిన మైసూరు రాజ్య జనసంఖ్య 1881 నాటికి 42 లక్షలకు తగ్గింది. వరుసగా వానలు తప్పినప్పుడు చేను ఎన్ని పంటలతో నిండినా ఫలితం ఉండదు. పాతరలు ఖాళీ అయిన తరువాత ధాన్యం ధర పెరిగి, కొనే శక్తి లేని కూలివారు, చిన్న రైతులు ముందుగా మరణించారు. పంటల వైవిధ్యం మామూలు ఒడుదొడుకులను తట్టుకోగలదు. మహావిపత్తును తట్టుకోవడానికి ప్రభుత్వం, రవాణా, నిలువ ధాన్యం, కూలి దొరికే పని, ఇవన్నీ కావాలి. తరువాతి కాలంలో వచ్చిన మార్పులను తూచేటప్పుడు ఈ సత్యాన్ని మరచిపోరాదు.

గనుల నీడలో

గనుల రాకతో ఈ సీమలో ఒక కొత్త పట్టణం వెలసింది. 1901 జనాభా లెక్కల ప్రకారం కోలారు బంగారు గనుల పట్టణ జనాభా 38 వేలు దాటింది. 1902లో కావేరి మీద శివనసముద్రం నుండి విద్యుత్తు గనులకు వచ్చింది. బేతమంగళం వద్ద నిలిపిన పాలారు నీరు గనులకు తాగునీరైంది. చిత్తూరు, ఉత్తర ఆర్కాటు, సేలం ప్రాంతాల నుండి వేలాదిమంది కార్మికులు వచ్చి చేరారు. చేతిలో జీతం, చుట్టూ పంట లేని ఈ జనసమూహం వలన చుట్టుపక్కల పల్లెలకు దగ్గరలో అంగడి ఏర్పడింది. పల్లె మొదటిసారిగా తన కోసం కాక, అంగడి కోసం ఏమి పండించాలి అని ఆలోచించసాగింది. రైలు వచ్చిన తరువాత ఆ అంగడి మద్రాసు దాకా, బెంగళూరు దాకా విస్తరించింది. ఈ మార్పు నిదానంగా జరిగినది కావున దాని ప్రభావం అర్ధశతాబ్దం తరువాత గాని స్పష్టం కాలేదు.

కొత్త విత్తనాల యుగం

1908లో మైసూరు ప్రభుత్వ కొలువులో చేరిన కెనడా దేశీయుడు లెస్లీ కోల్‌మన్ తరువాత వ్యవసాయ శాఖ డైరెక్టరై, హెబ్బాళలో వ్యవసాయ విద్యకు, పరిశోధనకు పునాది వేశాడు. ఆ సంప్రదాయంలో రాగికి అంకితమైన శాస్త్రజ్ఞుడు సి. హెచ్. లక్ష్మణయ్య. మండ్య వద్ద విశ్వేశ్వరయ్య కాలువ ప్రాంతపు పరిశోధన క్షేత్రంలో ఆయన దశాబ్దాల తరబడి కృషి చేసి, అనేక మేలు రకాలను అందించాడు. రాగి పువ్వు అతి సూక్ష్మమైనది. దానిలో సంకరం చేయడం ఓర్పుతో కూడిన పని. ఆయన భారతదేశపు రాగిని దాని పుట్టిల్లైన ఆఫ్రికా రాగితో కలిపి సృష్టించిన రకాలే ‘ఇండాఫ్’ రకాలు. ఇండియా, ఆఫ్రికా అనే పేర్ల కలయికే ఈ నామం. ఈ రకాల వలన రాగి దిగుబడి గణనీయంగా పెరిగి, పేద రైతు ఇంటికి గింజ చేరింది. ‘రాగి బ్రహ్మ’ అని ప్రజలు పిలుచుకొన్న ఆ మహనీయుడు 1993లో కన్నుమూశాడు.

ఈ విజయంలోనే ఒక పాఠం దాగి ఉన్నది. కొద్ది రకాలు విస్తారమైన భూమిని ఆక్రమించిన తరువాత, మెడ విరుపుగా కనిపించే అగ్గి తెగులు వాటిని బాధించసాగింది. దానికి విరుగుడుగా బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం 1990 దశకంలో జి.పి.యు. 28 అనే రకాన్ని విడుదల చేసింది. ఇండాఫ్ 5, ఇండాఫ్ 9 రకాలతో, విత్తన సేకరణలలో భద్రపరచిన ఐ.ఇ. 1012 అనే మరొక రకాన్ని కలిపి దీనిని రూపొందించారు. దక్షిణ కర్ణాటక రాగి చేలను తెగులు నుండి ఆదుకొన్న ఈ రకానికి మూలం ఎక్కడ ఉన్నది? ఎవరో రైతులు తరతరాలుగా కాపాడుకొని వచ్చిన పాత విత్తనాలలో ఉన్నది. పాత రకాలు లేనిదే కొత్త రకం లేదు. కొత్త రకాలు పాత రకాలను చేల నుండి తొలగిస్తే, తరువాతి కొత్త రకానికి ముడిసరకు ఉండదు. ఆధునిక వ్యవసాయం తనకు ఆధారమైన నిధిని తానే కరిగించుకొనే పరిస్థితి ఇది.

ఈ ప్రమాదాన్ని గుర్తించి శాస్త్రజ్ఞులు విత్తన నిధులను నెలకొల్పారు. 1972లో హైదరాబాదు సమీపాన పటాన్‌చెరులో ఏర్పడిన ఇక్రిశాట్ సంస్థలో వేలాది రాగి నమూనాలు శీతల గదులలో ఉన్నాయి. 2008లో నార్వే దేశపు స్వాల్‌బార్డ్ మంచు ద్వీపంలో ప్రపంచ విత్తన భాండాగారం ప్రారంభమైంది. ఇవి మెచ్చదగిన కార్యాలు. అయితే శీతల గదిలోని విత్తనం కాలంతోపాటు మారదు. చేలోని విత్తనం మారే వానతో, మారే తెగులుతో పోరాడుతూ తానూ మారుతుంది. అందుచేత రెండూ అవసరమే.

చేను వెలుపలికి తరలిన భద్రత

స్వాతంత్ర్యానంతరం దేశం ఆహారోత్పత్తిలో సాధించిన ప్రగతి చిన్నది కాదు. 1950-51లో సుమారు 5 కోట్ల టన్నులున్న ఆహారధాన్యాల ఉత్పత్తి 2022-23 నాటికి సుమారు 33 కోట్ల టన్నులకు చేరింది. ఓడల మీద వచ్చే విదేశీ గోధుమ కోసం ఎదురుచూసిన దేశం తన ధాన్యంతో తాను నిలబడింది. అయితే ఈ పెరుగుదలలో సింహభాగం వరిది, గోధుమది. అవే చౌకధరల దుకాణాలకు చేరాయి. చవుకగా బియ్యం దొరికే ఇంటిలో రాగి విసరడం, చిరుధాన్యాలు దంచడం అనవసర శ్రమగా తోచింది. సంకటి పేదవాని కూడనీ, తెల్లన్నం మర్యాద అనీ భావన పెరిగింది. దేశంలో రాగి విస్తీర్ణం 1950 దశకంతో పోలిస్తే నేడు సుమారు సగానికి తగ్గింది. సామ, కొర్ర, ఊద, వరిగల స్థితి ఇంకా దయనీయం.

కోలారు జిల్లాలో ఈ మార్పు మరికొన్ని రూపాలు ధరించింది. 1970, 1980 దశకాలలో సామాజిక అడవుల పథకం పేరుతో నీలగిరి చెట్లు రాగి చేలలోకి వచ్చాయి. కూలి ఖర్చు లేదు, కాపలా అవసరం లేదు, కాగితపు మిల్లులు కొంటాయి. కూలీలు గనులకో పట్టణానికో తరలిన రైతుకు ఇది సులువుగా కనిపించింది. ధాన్యపు భూమి తరిగిపోతున్నదని, భూగర్భ జలం తగ్గుతున్నదని పర్యావరణవేత్తలు అప్పుడే హెచ్చరించగా, అటవీ శాఖవారు ఖండించారు. దేశమంతటా చర్చకు వచ్చిన ఈ వివాదానికి కోలారు జిల్లా ఒక ముఖ్య ఉదాహరణగా నిలిచింది. చివరకు 2017లో కర్ణాటక ప్రభుత్వం నీలగిరి కొత్త నాట్లను నిషేధించింది.

మరొక వైపు చెరువులు పూడిపోయాయి, కపిల బావులు ఎండాయి, బోరుబావులు దిగాయి. వంద అడుగులలో దొరికిన నీటికి వెయ్యి అడుగులకు పైగా తవ్వవలసి వచ్చింది. అంత ఖర్చుతో పైకి తెచ్చిన నీటిని రాగికి పెట్టడం గిట్టదు. టమాటకు, మల్బరికి, పూలకు, పాడి పశువుల పచ్చిమేతకు పెడితేనే బాకీ తీరుతుంది. పట్టు, పాలు, బంగారం అని పేరుపడ్డ ఈ జిల్లాలో బంగారం పోయిన తరువాత పట్టు, పాలు, టమాట సంసారాలను నడిపాయి. కోలారు టమాట మార్కెట్టు ఆసియాలోని పెద్ద మార్కెట్లలో ఒకటి. పిల్లల చదువులు, ఆడపిల్లల పెళ్లిళ్లు, పక్కా ఇళ్లు ఈ పంటల వలననే సాధ్యమైన కుటుంబాలు అనేకం. రైతు అత్యాశతో రాగిని విడిచిపెట్టాడనడం అన్యాయం. గిట్టే పంట వైపు వెళ్లడం అతని బాధ్యత కూడా.

అయినప్పటికీ ఈ మార్పులో రైతు పోగొట్టుకొన్నదేమిటో చెప్పుకోవాలి. 2023 జూలైలో కిలో టమాట ధర 100 రూపాయలు దాటి, కొందరు రైతులకు కలిసివచ్చింది. ధర పడిపోయిన ఏళ్లలో అదే టమాట రోడ్డు పక్కన పారబోయబడింది. పూర్వం వాన తప్పితే చేలోని మరొక పంట ఆదుకొనేది. నేడు ధర తప్పితే చేలో ఆదుకొనేది లేదు. విత్తనం కంపెనీ నుండి, ఎరువు ఫ్యాక్టరీ నుండి, నీరు పాతాళం నుండి, ధర దూరపు నగరాల నుండి రావాలి. చేను లోపల ఉన్న భద్రత చేను వెలుపలికి తరలిపోయింది. ఈ ఏడు దశాబ్దాల వ్యవసాయ చరిత్రను ఒక్క మాటలో చెప్పవలసి వస్తే ఇదే ఆ మాట.

ఒంటి పంట నేర్పిన పాఠాలు

విస్తారమైన భూమిలో ఒకే పంట, ఒకే రకం ఉన్నప్పుడు ఒక్క తెగులు ఎంత పని చేయగలదో లోకం పలుమార్లు చూసింది. 1845లో ఐర్లండులో బంగాళాదుంప పంటకు మాడు తెగులు సోకింది. పేదలందరూ ఒకే దుంప రకం మీద ఆధారపడినందున, పాలకుల నిర్లక్ష్యం కూడా తోడై, సుమారు 10 లక్షల మంది మరణించారు. అంతకు తక్కువ కాని సంఖ్యలో జనం దేశం విడిచారు. 1970లో అమెరికాలో సాగైన సంకర మొక్కజొన్నలో అధిక భాగం ఒకే మాతృమూలానికి చెందినది. ఆ మూలానికే సోకే ఆకుమాడు తెగులు వచ్చి, దేశపు పంటలో సుమారు 15 శాతాన్ని నష్టపరచింది.

అంత దూరం పోనవసరం లేదు. కోలారుకు ఉత్తరాన ఉన్న అనంతపురం జిల్లాలో ఒకప్పుడు కొర్ర, సజ్జ, జొన్న, ఉలవ పండిన నేల క్రమంగా వేరుశనగకు అంకితమైంది. 2000వ సంవత్సరంలో ఆ పంటకు కాండం కుళ్లు వైరస్ సోకింది. వయ్యారిభామ కలుపు మొక్కల పుప్పొడిలో ఉన్న వైరస్‌ను తామర పురుగులు వేరుశనగకు చేర్చాయని పరిశోధకులు కనుగొన్నారు. సుమారు 2 లక్షల 25 వేల హెక్టార్లలో పంట దెబ్బతిని, 300 కోట్ల రూపాయలకు పైగా నష్టం వాటిల్లింది. బీడులో పెరిగిన ఒక కలుపు మొక్క, కంటికి సరిగా కనిపించని ఒక పురుగు కలిసి ఒక జిల్లా బతుకును అతలాకుతలం చేయగలగడానికి కారణం ఆ జిల్లా ఒకే పంట మీద నిలబడి ఉండడమే. మానవజాతి మొక్కల నుండి పొందే ఆహారశక్తిలో సగానికి పైగా వరి, గోధుమ, మొక్కజొన్న అనే మూడింటి నుండే వస్తున్నదని గమనిస్తే, ఈ ప్రమాదం ఒక జిల్లాకు పరిమితం కాదని బోధపడుతుంది.

తిరిగి నాటుకొంటున్న సాళ్లు

ఈ దశాబ్దాలలో కొన్ని ఆశాజనకమైన ప్రయత్నాలు కూడా జరిగాయి. తెలంగాణలోని జహీరాబాదు ప్రాంతంలో 1983లో ప్రారంభమైన దక్కను అభివృద్ధి సంఘం పరిధిలోని పేద దళిత స్త్రీలు వానాధార భూములలో ఇరవై వరకు పంటలను కలిపి పండిస్తూ, ఊరి విత్తన నిధులను నిర్వహించి 2019లో ఐక్యరాజ్య సమితి వారి ఈక్వేటర్ పురస్కారాన్ని పొందారు. ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుండి రైతు సాధికార సంస్థ ప్రోత్సహిస్తున్న ప్రకృతి వ్యవసాయంలో తొలకరికి ముందే నవధాన్యాలు చల్లి, నేలను పచ్చగా కప్పే పద్ధతి ప్రచారంలోకి వచ్చింది. 2001లో పార్లమెంటు చేసిన మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం విత్తనాన్ని దాచుకొనే, ఇచ్చిపుచ్చుకొనే హక్కును రైతుకు స్పష్టంగా గుర్తించింది. భారతదేశపు ప్రతిపాదన మీద ఐక్యరాజ్య సమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా పాటించింది. 2013-14లో క్వింటాలు 1500 రూపాయలుగా ఉన్న రాగి మద్దతు ధర 2023-24కు 3846 రూపాయలైంది. దక్షిణ కర్ణాటక జిల్లాల రేషన్ దుకాణాలలో బియ్యంతోపాటు రాగి కూడా చేరింది. ప్రభుత్వం కొంటే రైతు పండిస్తాడని, దొరికితే ప్రజలు తింటారని దీని వలన తేలింది.

నీటి విషయంలో కోలారు ఒక కొత్త ప్రయోగానికి వేదిక అయింది. బెంగళూరు మురుగునీటిని శుద్ధిచేసి రోజుకు 44 కోట్ల లీటర్ల వరకు కోలారు చెరువులకు పంపే కోరమంగళ-చల్లఘట్ట పథకం 2018లో ప్రారంభమైంది. ఎండిన చెరువులు నిండి, బావులలో నీటిమట్టం పెరిగింది. శుద్ధి చాలదన్న అభ్యంతరం న్యాయస్థానాల దాకా వెళ్లింది. నీరు వచ్చినప్పుడు దానితో ఏమి పండించాలి అన్న ప్రశ్న మాత్రం నీటికంటె పాతది. వచ్చిన నీరంతా మరల ఒకే అంగడి పంటకు పోతే చరిత్ర పునరావృతమవుతుంది.

ఏ రైతూ ఉన్న భూమినంతటినీ వెనుకటి పద్ధతికి మరల్చలేడు, మరల్చమనడం న్యాయమూ కాదు. టమాట చేను గట్టు మీద కంది, మల్బరి తోట పక్కన అరెకరం రాగి, ఆ రాగిలో రెండు సాళ్లు అనప, ఇంటి కుండలో ఏటేటా మార్చే విత్తనం, ఇవి సాధ్యమైనవే. అంగడి పంట ఆదాయానికి, వైవిధ్యపు పంట ఆపదకు అని విభజించుకొన్న ఇల్లు రెండు విధాలా నిలుస్తుంది.

పాఠశాల చేయదగిన పని

75 ఏళ్లు పూర్తి చేసుకొన్న ఈ పాఠశాల తొలి తరగతులలో కూర్చున్న పిల్లలు రాగి కళ్లాల మీద ఆడుకొన్న తరం. నేటి పిల్లలలో సామకు, కొర్రకు తేడా చెప్పగలిగినవారు అరుదు. ఇది పిల్లల లోపం కాదు. వారి కళ్లముందు ఆ చేను లేదు. అయితే వారి ఇళ్లలో ఆ చేనును ఎరిగిన అవ్వలు, తాతలు ఇంకా కొందరున్నారు. ఏ గింజ ఏ కార్తెలో విత్తేవారు, ఏది ఏ నేలకు సరిపడేది, ఏ రకం పేరు ఏమిటి అన్న సంగతులు పుస్తకాలలో కొద్దిగా, వారి నోట అధికంగా ఉన్నాయి. తెలుగులో, కన్నడంలో, తమిళంలో ఆ పేర్లను పిల్లలు అడిగి రాసుకొని, దొరికిన విత్తనాలను సీసాలలో ఉంచి, ఏటా కొన్ని గింజలను పాఠశాల ఆవరణలో విత్తితే, ప్లాటినం జూబిలీకి అంతకంటె ఉపయోగకరమైన స్మారకం మరొకటి ఉండబోదు.

ఈ పనికి తొందర ఎందుకంటే విత్తనానికి ఆయుష్షు తక్కువ. కోలారు శిలలలోని బంగారం సుమారు 270 కోట్ల ఏళ్లు మనిషి కోసం వేచి ఉన్నది. ఇక మీద కూడా వేచి ఉండగలదు. కుండలోని అనప గింజ అంత కాలం ఆగదు. కొన్నేళ్లపాటు విత్తకపోతే దానిలోని జీవం ఆరిపోతుంది, ఆ తరువాత ఎంత ధనం పెట్టినా ఆ రకం తిరిగి రాదు. కావున ఈ సీమలో ఇంకా ఏ ఇంటిలో ఏ పాత విత్తనం మిగిలి ఉన్నదో తెలుసుకొని, వచ్చే ఆషాఢానికి దానిని మట్టిలో వేయడం అవసరం.